మిరప కొమ్మల మీద నల్లచుక్కలు: మైక్రోస్కోప్‌లో ఏం చూస్తే పేరు తేలుతుంది?

పల్నాటి_మిరప
అందరికీ నమస్కారం. మాది సత్తెనపల్లి దగ్గర. కాపు మీదున్న మిరప చెట్లలో పైకొమ్మలు కొస నుంచి కిందికి ఎండుకుంటూ వస్తున్నాయి. ఎండిన భాగం ముందు గోధుమరంగులో ఉండి, తరవాత తెల్లబారి గడ్డిరంగుకి తిరుగుతోంది. తెల్లబారిన చోట సన్నటి నల్లచుక్కలు. తడిగుడ్డతో తుడిచినా పోవు. గోటితో గీకితే కొన్ని లేచొస్తాయి.

మందుల కొట్టాయన తామర పురుగు దెబ్బ అంటున్నాడు. ఊళ్ళో పెద్దాయనొకరు చలికి ఎండిందన్నారు. మా చెల్లెలు డిగ్రీలో బోటనీ. వాళ్ళ లెక్చరర్‌ని అడిగి సెలవులకి ల్యాబులోని పాత మైక్రోస్కోప్ ఒకటి తెచ్చింది. ఒక చుక్కని సూదితో గీకి, గాజుపలక మీద నీటిబొట్టులో పెట్టి చూశాం. 40 ఎక్స్ కటకంలో రంగులేని వంకర కణాలు గుంపులు గుంపులుగా కనపడ్డాయి. వాటి పక్కన ముదురు గోధుమరంగు ముళ్ళలాంటివి ఉన్నాయి. ఫోటో పెట్టాను, సెల్‌ఫోన్‌తో తీసింది, కొంచెం అలుక్కుపోయింది.

ఇది కాయకుళ్ళు తెగులు బూజేనా? ఇంట్లో ఉన్న సామానుతో దాని పేరు ఎంతవరకు ఖాయంగా చెప్పొచ్చు?

గోదారి_బోటనీ
బాబూ, ఆ ముళ్ళు గమనించావు చూడు, అది మంచి పని. అయితే పేరు జోలికి పోయే ముందు నాలుగు సంగతులు కావాలి.

కొమ్మలో పచ్చభాగానికి, ఎండిన భాగానికి మధ్య గీత స్పష్టంగా ఉందా, రంగు మెల్లగా మారుతోందా? చుక్కలు తొక్క పైన కూర్చున్నాయా, తొక్క కింద పుట్టి దాన్ని చీల్చుకుని వచ్చాయా? పది రెట్ల చేతి భూతద్దంలో చూస్తే చుక్క నున్నగా ఉందా, వెంట్రుకలు లేచి ఉన్నాయా? తెంపిన కొమ్మని ఎన్నాళ్ళకి మైక్రోస్కోప్ కింద పెట్టారు?

చాలామంది నేరుగా 40 ఎక్స్‌కి పోతారు. అక్కడ కనపడేది గుజ్జు. చుక్క ఏ ఆకారంలో ఉండేదో గీకినప్పుడే చెడిపోతుంది. అందుకని చేతి అద్దంతో మొదలుపెట్టి, 4 ఎక్స్‌లో చూసి, ఆ తరవాతే పైకి వెళ్ళాలి.

ఓరుగల్లు_సేద్యం
మా దిక్కు గూడ ఇట్లనే అయితున్నదన్నా. కానీ మాకు వానలు పడ్డప్పుడే కొసలు మెత్తగై, నల్లగై వాలిపోయినయి. పొద్దుగాల మంచులో చూస్తే వాటి మీద తెల్లటి సన్న వెంట్రుకలు లేచి, ఒక్కోదాని కొనకు నల్లటి గుండు ఉన్నది. ఎండెక్కితే అంత కనపడలే. ఇది, మీది ఒక్కటేనా? మేమైతే రెండింటికీ ఒకటే మందు కొడుతున్నం.

గాజుపలక
@ఓరుగల్లు_సేద్యం అన్నా, మీరు చెప్పింది వేరే బూజు. మెత్తగా కుళ్ళడం, తడిలో లేచిన వెంట్రుకలు, కొనన నల్లగుండు, ఇవన్నీ కొయనెఫోరా లక్షణాలు. అది బ్రెడ్డు బూజు వర్గానికి దగ్గరిది. మైక్రోస్కోప్‌లో పెడితే అనుమానం ఉండదు: సిద్ధబీజాలు (బూజుకి విత్తనాల్లాంటి కణాలు, బూజు బీజాలంటే ఇవే) గోధుమరంగులో, నిమ్మకాయ ఆకారానికి దగ్గరగా ఉంటాయి. వాటి గోడ మీద నిలువుగా సన్నటి గీతలు కనపడతాయి. తంతువుల్లో అడ్డుగోడలు దాదాపు ఉండవు.

పల్నాటి తమ్ముడిది పొడి ఎండు. వంకర కణాలు, ముళ్ళు అంటున్నాడు. ఈ రెండు బూజులకీ వర్గమే వేరు. ఒకదాని మీద పనిచేసే మందు రెండోదాని మీద పనిచేస్తుందన్న భరోసా లేదు. ఖర్చు దండగ కాకుండా ఉండాలంటే అద్దం కింద ఒకసారి చూడాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

(నేను హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. రోజూ స్లయిడ్లతోనే పని.)

పల్నాటి_మిరప
మాస్టారూ, మీరడిగినవి చూశాం. పచ్చకి, ఎండుకి మధ్య ముదురు గోధుమరంగు గీత ఉంది. భూతద్దంలో చుక్క మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. తొక్క చీల్చుకుని వచ్చినట్టే ఉంది, అంచుల్లో తొక్క పొర లేచి కనపడుతోంది. కొమ్మ తెంపిన రోజే చూశాం.

అడ్డంగా కోసి చూడాలని చెల్లెలు బ్లేడుతో ప్రయత్నించింది. ముక్కలు మందంగా వచ్చి ఏమీ కనపడలేదు. కొమ్మ ఎండిపోవడంతో పొడిపొడి అవుతోంది.

గోదారి_బోటనీ
ఇక్కడ కాస్త వివరంగా చెప్తాను. కాడ మీద బూజుల పనంతా ఈ కోత మీదే నిలబడుతుంది.

ఎండుకొమ్మని ముందు నీళ్ళలో నానబెట్టండి. గంటో రెండు గంటలో చాలు, మరీ మొండిదైతే రాత్రంతా. చుక్కలున్న చోట తొక్కని కింది చెక్కతో కలిపి అర సెంటీమీటరు ముక్కగా తీయండి. బెండు కావాలి. జీలుగు బెండు, అదే పెళ్ళి బాసికాలకి వాడేది, దొరికితే అంతకన్నా మంచిది లేదు. దొరక్కపోతే క్యారెట్. బెండుని నిలువుగా చీల్చి, మధ్యలో ముక్కని ఇరికించి, బొటనవేలు, చూపుడువేలు మధ్య గట్టిగా పట్టుకోండి. కొత్త బ్లేడు తీసుకుని, దాన్ని తడిపి, మీ వైపుకి ఏటవాలుగా ఒకే లాగుడులో లాగండి. రంపంలా ముందుకీ వెనక్కీ ఆడించొద్దు. కోసిన ముక్కల్ని బ్లేడు మీంచి కుంచెతో నీళ్ళున్న గిన్నెలోకి దించండి. చాలా కోతలు కోస్తే ఒకటో రెండో నీటిలో కనపడీ కనపడనట్టు పల్చగా తేలతాయి. వాటినే ఎంచుకోండి. ముక్క మొత్తం సమంగా ఉండక్కర్లేదు. ఒక అంచు పల్చగా ఉంటే ఆ అంచులోనే అంతా కనపడుతుంది.

దాన్ని నీటిబొట్టులో పెట్టి, కవర్‌స్లిప్‌ని (పైన కప్పే పల్చటి గాజుముక్కని) ఒక పక్కనుంచి ఏటవాలుగా దించండి. ఇప్పుడు 10 ఎక్స్‌లో చూడండి. కాడ మీద నల్లచుక్క అనేది నాలుగు రకాల్లో ఒకటి కావొచ్చు.

ఎసర్వులస్ అయితే గూడు ఉండదు. తొక్క కింద పళ్ళెంలా పరుచుకున్న కణజాలం, దాని మీద వరసగా నిలబడ్డ చిన్న కాడలు, ఆ కొనల్లో బీజాలు. పైన మూత లేకపోవడం దీని గుర్తు.

పిక్నిడియం అయితే గోడ ఉన్న గుండ్రటి కుండ, పైన ఒక రంధ్రం. కుండ లోపలి గోడ నుంచి బీజాలు పుడతాయి. కోత రంధ్రం మీదుగా పోకపోతే రంధ్రం కనపడదు. అందుకే ఒక్క కోత చూసి తేల్చకూడదు.

పెరిథీషియం కూడా పైకి పిక్నిడియంలాగే కనిపిస్తుంది. తేడా లోపల ఉంది: పొడుగాటి సంచులు, ఒక్కో సంచిలో మామూలుగా 8 బీజాలు. ఆ సంచిని ఆస్కస్ అంటాం. ఇవి కనపడ్డాయంటే బూజు లైంగిక దశలో ఉందన్నమాట.

నాలుగోది మైక్రోస్క్లెరోషియం. అందులో బీజాలే ఉండవు. నల్లటి కణాలు గట్టిగా బిగుసుకున్న గడ్డ. నువ్వు, కంది, జొన్న మొదళ్ళలో తొక్క వలిస్తే నల్లటి పొడిలా కనపడేది ఇదే. మాక్రోఫోమినా ఫేసియోలినా బూజు, బొగ్గుకుళ్ళు తెగులు. దీన్ని ఎంత చితక్కొట్టినా బీజం రాదు కాబట్టి కొత్తవాళ్ళు తమ పనే సరిగ్గా రాలేదనుకుని వదిలేస్తారు. వదలొద్దు, బీజం లేకపోవడమే అక్కడ జవాబు.

ఇంకొకటి. రంగులేని బీజాల్ని చూసేటప్పుడు కింద కండెన్సర్ (వెలుగుని స్లయిడ్ మీదికి పంపే కటకం) దగ్గరున్న డయాఫ్రంని, అంటే వెలుగు తగ్గించే తెరని, సగానికి పైగా మూయండి. వెలుగు ఎక్కువైతే అవి నీటిలో కలిసిపోయి కనపడవు. చిన్న మీటే కానీ బొమ్మంతా దాని చేతిలోనే ఉంది.

పీజీ_తిరుపతి
మాస్టారూ, ఈ పోస్టు దాచుకుంటున్నాను. మా దగ్గర ప్రాక్టికల్స్‌కి ముందే కోసిపెట్టిన పర్మనెంట్ స్లయిడ్లే చూపిస్తారు. కోత మా చేత చేయించరు.

ఒక అనుమానం. మేం లాక్టోఫీనాల్ కాటన్ బ్లూ అనే నీలిరంగు ద్రవం వేసి చూస్తాం. మీరు నీళ్ళే అంటున్నారు. ఏది మంచిది?

యార్క్‌షైర్_తెలుగు
దీనికి నేను చెప్పొచ్చా. ఉద్యోగరీత్యా ఇంగ్లండ్‌లో ఉంటాను. ఇక్కడ సెలవురోజు పొలం గట్ల వెంట బూజులు వెతికేవాళ్ళ గుంపులున్నాయి, నేనూ వెళ్తుంటాను. వాళ్ళ దగ్గర నేర్చుకున్నది: ముందు నీళ్ళు, ఎప్పుడూ నీళ్ళే. లాక్టోఫీనాల్‌లో కణం చచ్చిపోతుంది. లోపలి నూనెబొట్లు కలిసిపోతాయి, కొన్ని బీజాలు కుంచించుకుపోతాయి. బీజం అసలు రంగు తెలియాలన్నా నీరే దారి. నీటిలో చూసి, కొలిచి, ఫోటో తీశాక కవర్‌స్లిప్ పక్కన చుక్క రంగు వేసి, అవతలి పక్క నుంచి బ్లాటింగ్ కాగితంతో లాగితే రంగు లోపలికి వస్తుంది. అప్పుడు అడ్డుగోడలు, గోడల మందం బాగా తేలతాయి. ఎండిపోయిన పాత నమూనాలకి 3 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ పనికొస్తుంది, ముడుచుకున్నవి మళ్ళీ ఉబ్బుతాయి.

ఇక్కడివాళ్ళ దగ్గర నాకు బాగా నచ్చిన పద్ధతి ఇంకోటుంది. కాడ మీద బూజు కనపడితే వాళ్ళు మొదట అడిగేది మొక్క పేరు. దురదగొండిలా ఒళ్ళు మండించే నెటిల్ అనే కలుపు ఇక్కడ ప్రతి గట్టు మీదా ఉంటుంది. కిందటేడు చచ్చిన నెటిల్ కాడల మొదళ్ళలో వసంతకాలంలో నల్లగా మెరిసే, కొన తేలిన బుడిపెలు వస్తాయి. లెప్టోస్ఫేరియా అక్యూటా. మొక్క నెటిల్ అని తెలిస్తే సగం దారి వచ్చేసినట్టే. చితకొడితే సంచులు, వాటిలో అనేక అడ్డుగోడలున్న పొడుగాటి పసుపుపచ్చ బీజాలు. కొన్నిసార్లు బయటికి అదే బుడిపె, లోపల మాత్రం సంచులు లేకుండా చిన్న చిన్న రంగులేని కణాలు మాత్రమే ఉంటాయి. అది అదే బూజు అలైంగిక దశ. అవే కాడల మీద నారింజరంగు జిగురుబొట్లు కనపడితే కలోరియా నెగ్లెక్టా. ఒకే ఎండుకాడ మీద ఇన్ని ఉంటాయి.

మిరప కాబట్టి పల్నాటి తమ్ముడికి మొక్క పేరు సమస్య లేదు. గట్టు మీద కలుపుమొక్కల కాడలు చూసేవాళ్ళు మాత్రం ఆకులు, పూలు ఉన్నప్పుడే మొక్క పేరు రాసి గుర్తు పెట్టుకోండి. ఎండిపోయాక మొక్కని గుర్తుపట్టడమే పెద్ద పనవుతుంది.

గాజుపలక
లాక్టోఫీనాల్ వాడేవాళ్ళకి ఒక జాగ్రత్త. అందులో ఫీనాల్ ఉంటుంది, ఒంటి మీద పడితే కాలుతుంది. గ్లౌజులు లేకుండా ముట్టుకోవద్దు. పిల్లలున్న ఇంట్లో అసలు పెట్టొద్దు. ఇంటి పనికి నీరు చాలు.

పీజీ_తిరుపతి
ధన్యవాదాలు. ఫోల్డ్‌స్కోప్‌తో ఇది సాధ్యమేనా? మా బళ్ళో పంచినది ఒకటి నా దగ్గరుంది.

గాజుపలక
స్టాన్‌ఫర్డ్‌లో మను ప్రకాశ్ బృందం చేసిన ఆ కాగితం మైక్రోస్కోప్ సుమారు 140 రెట్లు పెంచి చూపిస్తుంది. 2 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాకా విడమరచగలదు. చుక్క మీద ముళ్ళున్నాయా లేదా, బీజం వంకరా తిన్ననా, కొయనెఫోరా గుండ్లు, ఇవన్నీ దాంతో తెలుస్తాయి. పొలంలో నిలబడి చూడటానికి చాలా మంచి సాధనం. కానీ 3, 4 మైక్రాన్ల వెడల్పుని కొలవడానికి సరిపోదు. కొలతకి 40 ఎక్స్ ఉన్న మామూలు కాంపౌండ్ మైక్రోస్కోప్ కావాలి. 100 ఎక్స్ నూనె కటకం ఉంటే మేలే, లేకపోయినా ఈ పని ఆగదు.

పల్నాటి_మిరప
కోత కుదిరింది మాస్టారూ! జీలుగు బెండు దొరకలేదు, క్యారెట్‌తోనే. ఫోటోలు రెండు పెట్టాను. మొదటిది 10 ఎక్స్: తొక్క చీలి, కింద పళ్ళెంలా ఉంది, మూత లేదు, ముళ్ళు పైకి లేచి ఉన్నాయి. రెండోది 40 ఎక్స్: ఒక ముల్లు దగ్గరగా. అడుగున ముదురు రంగు, పైకి పోయేకొద్దీ పలచబడి కొన సూదిగా ఉంది, మధ్యలో అడ్డుగోడలు కనపడుతున్నాయి. గూడు గోడ అనేది ఎక్కడా లేదు.

ఇక కొలత ఎలా? ఐపీస్‌లో చిన్న స్కేలు ఉంది, 100 గీతలు. ఒక్కో గీత ఎంతో తెలియదు.

గాజుపలక
ఐపీస్ స్కేలు గీతలకి సొంతంగా విలువ ఉండదు. కటకం మారితే అదీ మారుతుంది. స్టేజ్ మైక్రోమీటర్ కావాలి. అది గాజుపలక మీద 1 మిల్లీమీటరుని 100 భాగాలు చేసి గీసిన గీత. అంటే ఒక్కో భాగం 10 మైక్రాన్లు. మీ చెల్లెలి కాలేజీలో తప్పకుండా ఉంటుంది, అరగంటకి అడగండి చాలు.

40 ఎక్స్ పెట్టి, రెండు స్కేళ్ళ సున్నాలు కలపండి. ఇంకెక్కడ రెండూ సరిగ్గా కలుస్తున్నాయో చూడండి. ఉదాహరణకి ఐపీస్ 100 గీతలు స్టేజ్ మీద 25 గీతలకి సరిపోయాయనుకోండి. 25 ఇంటూ 10 అంటే 250 మైక్రాన్లు, దాన్ని 100తో భాగిస్తే ఐపీస్ గీత ఒక్కటి 2.5 మైక్రాన్లు. ఈ అంకెని మైక్రోస్కోప్ మీదే చీటీ రాసి అంటించండి. ప్రతి కటకానికీ విడిగా చేయాలి.

ఫోన్‌తో కొలిచేవాళ్ళు స్టేజ్ మైక్రోమీటర్‌ని కూడా అదే ఫోన్‌తో, అదే జూమ్‌తో ఫోటో తీసి ఉంచుకోవాలి. జూమ్ కాస్త కదిలినా లెక్క చెడిపోతుంది.

కనీసం 30 బీజాలు కొలవండి. అందంగా కనపడినవి ఏరుకోవద్దు, వరసగా ఎదురైనవాటిని కొలవండి. పక్కకి ఒరిగినవి, సగం విరిగినవి వదిలేయండి. కొసల మధ్య తిన్నటి దూరమే పొడవు, వంపు వెంట కొలవకూడదు.

పల్నాటి_మిరప
స్టేజ్ మైక్రోమీటర్ దొరికింది. మా దాంట్లోనూ 40 ఎక్స్‌లో గీతకి 2.5 మైక్రాన్లే వచ్చింది. బీజాలు 30 కొలిచాం. పొడవు 20 నుంచి 26, వెడల్పు 3 నుంచి 4 మైక్రాన్లు. ఎక్కువ భాగం 23 దగ్గర ఉన్నాయి. బీజం మధ్య భాగం దాదాపు సమానమైన వెడల్పుతో ఉంది. ఒక కొస మొండిగా ఆగిపోతుంది, రెండో కొస సన్నబడి కొడవలి మొనలా తిరుగుతుంది. లోపల అడ్డుగోడ లేదు. రంగు లేదు.

గాజుపలక
బాగుంది. ఎసర్వులస్, ముదురు ముళ్ళు, అడ్డుగోడ లేని రంగులేని కొడవలి బీజాలు, ఈ కొలత, మిరప మొక్క. ఇవన్నీ కలిపితే కొల్లెటోట్రైకం ట్రంకేటం. మనవాళ్ళు పుస్తకాల్లో చదువుకున్న పాత పేరు కొల్లెటోట్రైకం కాప్సిసి. మీరడిగిన కాయకుళ్ళు కూడా దీనితోనే వస్తుంది. పండుకాయ మీద వలయాలుగా కనపడే నల్లచుక్కలు ఇవే.

ఈ బూజుకి మన దేశంతో దగ్గరి సంబంధం ఉంది. 1913లో శిలీంధ్ర శాస్త్రవేత్త హాన్స్ సిడో కోయంబత్తూరు మిరప నమూనా చూసి వర్మిక్యులేరియా కాప్సిసి అని మొదట వర్ణించాడు. 1931లో బట్లర్, బిస్బీ దాన్ని కొల్లెటోట్రైకంలోకి మార్చారు. 2009లో శాస్త్రవేత్త డామ్ బృందం వంకర బీజాల జాతుల్ని డీఎన్‌ఏతో పోల్చి, ఇది అంతకుముందే అమెరికాలో వర్ణించిన ట్రంకేటం ఒకటేనని తేల్చారు. ముందుగా పెట్టిన పేరుకి హక్కు ఎక్కువ కాబట్టి ఇప్పుడు ట్రంకేటం అంటున్నాం. పాత కరపత్రాల్లో కాప్సిసి అని కనపడితే వేరే తెగులనుకోకండి.

మిరప మీద కొల్లెటోట్రైకం అంతా ఇదే కాదని కూడా గుర్తుంచుకోవాలి. బీజం తిన్నగా, రెండు కొసలూ గుండ్రంగా, లావుగా ఉంటే గ్లియోస్పోరియాయిడిస్ గుంపు. ముళ్ళు తక్కువగా ఉంటాయి, అసలు లేకపోవచ్చు కూడా. బీజం కొసలు సూదిగా ఉంటే అక్యూటేటం గుంపు. ఆ గుంపుల్లో ఒక్కోదాంట్లో పదుల కొద్దీ జాతులున్నాయి. అక్కడ మైక్రోస్కోప్ గుంపు పేరు దాకానే తీసుకెళ్తుంది. జాతి పేరు కావాలంటే డీఎన్‌ఏ చూడాలి, అందులోనూ ఐటీఎస్ అనే డీఎన్‌ఏ భాగం ఒక్కటి సరిపోదు, ఇంకొన్ని జన్యువులు కలపాలి. తిన్నటి బీజాలు చూసి ఎవరైనా నేరుగా జాతి పేరు రాస్తే నేను ఒప్పుకోను.

గోదారి_బోటనీ
గాజుపలక మేడమ్ చెప్పిన పేరుతో నేనూ ఏకీభవిస్తాను. ఇక నాకు ముఖ్యమైన ఇంకో ప్రశ్న మిగిలింది. ఎండిన కొమ్మ మీద ఉన్న బూజే కొమ్మని ఎండబెట్టిందని ఎలా తెలుసు?

చచ్చిన కొమ్మ మీద చాలా బూజులు చేరతాయి. ఆల్టర్నేరియా బీజాలు అడ్డంగా, నిలువుగా గోడలతో, కొనన ముక్కుతో కనపడతాయి. క్లాడోస్పోరియం ఆలివ్‌రంగు గొలుసులు. కర్వ్యులేరియా బీజాల్లో మధ్యగది లావుగా ఉబ్బి వంగి ఉంటుంది. వీటిలో చాలావరకు చచ్చినదాన్ని తినడానికి వచ్చినవే. పాత ఎండుకొమ్మ మీద ఆల్టర్నేరియా కనపడిందని దాని మీద నెపం వేస్తే అసలు కారణం తప్పించుకుంటుంది.

అందుకని పచ్చకి, ఎండుకి మధ్య ఉన్న ఆ గోధుమరంగు గీత దగ్గర సగం పచ్చ, సగం ఎండు ఉండేట్టు ముక్కలు కోయండి. 1 శాతం సోడియం హైపోక్లోరైట్‌లో (బ్లీచ్ ద్రవంలో) ఒక నిమిషం ఉంచి, శుభ్రమైన నీటిలో మూడుసార్లు కడగండి. మరిగించి చల్లార్చిన నీళ్ళు ఇంటికి చాలు. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో తడి టిష్యూ కాగితం పరిచి, దాని మీద అగ్గిపుల్లలు, పుల్లల మీద ముక్కలు పెట్టండి. నీళ్ళలో మునగకూడదు. రెండు మూడు రోజులు నీడలో ఉంచి చూడండి. పైపైన ఉన్న బూజులు కడుగుడుకి పోతాయి. లోపల ఉన్నదే బయటికి వస్తుంది. గీత దగ్గర ముక్కల్లో పదేపదే ఈ కొడవలి బీజాలే వస్తే దాని మీద అనుమానం బలపడినట్టు.

పూర్తి రుజువు కావాలంటే కోక్ నియమాలు ఉండనే ఉన్నాయి: బూజుని విడిగా పెంచి, ఆరోగ్యమైన మిరప మొక్కకి ఎక్కించి, అదే తెగులు తెప్పించి, దాని నుంచి అదే బూజుని మళ్ళీ తీయాలి. మిరపలో ఈ తెగులుకి ఆ పని శాస్త్రవేత్తలు ఎన్నోసార్లు చేశారు, కాబట్టి ప్రతి రైతూ మళ్ళీ చేయక్కర్లేదు. మీ పొలంలో ఉన్నది అదేనా అన్నది తేల్చుకుంటే చాలు.

ఓరుగల్లు_సేద్యం
సార్, మీ మాటలు మంచిగనే అర్థమైతున్నయి. కానీ బూజు పేరు తెలిస్తే నాకేం మారుతది? నేను ఏం చెయ్యాలె, ఏం మానెయ్యాలె, అది చెప్పుండ్రి.

పల్నాటి_మిరప
అన్నా, నా సంగతి చెప్తా. 2021లో నల్ల తామర పురుగు వచ్చి మన రెండు రాష్ట్రాల్లో మిరపని ఎట్లా పాడు చేసిందో మీకు తెలియంది కాదు. అప్పట్నుంచి చెట్టుకి ఏమైనా మొదట పురుగుమందే చేతికిస్తున్నారు. ఈ కొమ్మల మీద వాళ్ళు ఇచ్చిన పురుగుమందు పనిచేసే అవకాశమే లేదు, ఎందుకంటే ఇది పురుగు కాదు. ఆ ఖర్చు ఆపాను. నాకు మారింది అది.

గాజుపలక
@ఓరుగల్లు_సేద్యం పేరు తెలిస్తే బూజు ఎలా ప్రయాణం చేస్తుందో తెలుస్తుంది. ఈ కొడవలి బీజాలు జిగురులో అంటుకుని ఉంటాయి. పొడిగాలికి లేవవు. వాన చినుకో, స్ప్రింక్లరు నీరో పడి చిట్లినప్పుడు పక్క కొమ్మకి చేరతాయి. కాబట్టి చుక్కలున్న ఎండుకొమ్మల్ని చెట్టు పొడిగా ఉన్నప్పుడు, మంచు ఆరాక, గోధుమగీతకి కింద పచ్చభాగంతో సహా కత్తిరించి కాల్చేయాలి. గట్టున పడేస్తే వచ్చే వానకి మళ్ళీ అక్కడి నుంచే మొదలవుతుంది. పైనుంచి నీళ్ళు చల్లే పద్ధతి మానాలి. తెగులు మందు ఏది, ఎంత అన్నది మీ మండల వ్యవసాయాధికారికి కొమ్మ చూపించి, పంట దశ చెప్పి అడగండి. గుంటూరు వైపు వాళ్ళకి లాం ఫాం, అంటే లాంలోని వ్యవసాయ పరిశోధన కేంద్రం, ఉంది. ఫోటో మాత్రమే పంపకుండా కొమ్మ తీసుకెళ్ళండి.

మీ కొయనెఫోరాకి గాలి తగలడం, నత్రజని ఎరువు మితిమీరకుండా చూడటం ముఖ్యం. గుబురుగా పెరిగి తడి ఆరని తోటలో అది ఆగదు.

మిద్దెతోట_నెల్లూరు
మధ్యలో అడ్డొస్తున్నాను, క్షమించండి. మా మిద్దె మీద వంకాయ మొక్క కాడ కూడా మొదట్లో బూడిదరంగుకి తిరిగి నల్లచుక్కలొచ్చాయి. మాస్టారు చెప్పినట్టు క్యారెట్‌లో పెట్టి కోశాను. ఇది పళ్ళెం కాదు, గోడ ఉన్న కుండ. ముళ్ళు లేవు. లోపల రెండు రకాల కణాలున్నాయి: చిన్నవి, రెండు కొసలా సన్నబడి, ఒక్కోదాంట్లో రెండు మెరిసే బొట్లు. వాటితో పాటు పొడుగాటి సన్నటి దారాలు, కొన్నిటి కొన వంగి ఉంది. దారాలు వేరే బూజువా? రెండు కలిసిపోయాయా?

గోదారి_బోటనీ
అమ్మా, రెండూ ఒకదానివే! ఇంత స్పష్టంగా రెండూ ఒకే కోతలో దొరకడం మీ అదృష్టం. బొట్లున్న చిన్నవి ఆల్ఫా బీజాలు, వంగిన దారాలు బీటా బీజాలు. ఈ జంట కనపడితే డయాపోర్తె అని ప్రజాతి పేరు అక్కడికక్కడే చెప్పేయొచ్చు. వంకాయ మీద కాబట్టి డయాపోర్తె వెక్సన్స్. పాత పేరు ఫోమాప్సిస్ వెక్సన్స్. వంకాయ ఆకుమచ్చ, కాయకుళ్ళు కూడా దీనిదే. చాలాసార్లు ఆల్ఫా మాత్రమే దొరుకుతుంది, అప్పుడు ఫోమా లాంటి వేరే పిక్నిడియం బూజులతో కలగాపులగం అవుతుంది. దయచేసి ఆ ఫోటో పెద్ద సైజులో పెట్టండి, పిల్లలకి చూపించడానికి పనికొస్తుంది.

మీ ఊరి పక్కన మామిడి తోటలుంటే ఎండుకొమ్మల తొక్క కూడా కోసి చూడండి. లాసియోడిప్లోడియా థియోబ్రోమే తరచుగా దొరుకుతుంది. దాని బీజాలు మొదట రంగు లేకుండా ఒకే గదితో ఉంటాయి. ముదిరాక గోధుమరంగుకి తిరిగి, మధ్యలో ఒక గోడ, నిలువునా గీతలు వస్తాయి. లేతవి, ముదిరినవి పక్కపక్కనే కనపడితే రెండు బూజులనుకునే ప్రమాదం ఉంది. రంగు మారుతున్న మధ్యదశ బీజాలు వెతకండి, అవి దొరికితే సందేహం తీరుతుంది.

మిద్దెతోట_నెల్లూరు
పెద్ద ఫోటో పెట్టాను మాస్టారూ. స్కేలు గీత కూడా వేశాను.

యార్క్‌షైర్_తెలుగు
ఎంత చక్కటి ఫోటో! ఇలాంటివి పారేయొద్దు. కాడని నీడలో ఆరబెట్టి, కాగితం మడిచి పొట్లంలా చేసి దాచండి. ప్లాస్టిక్ కవరులో పెడితే చెమ్మ పట్టి వేరే బూజులు కమ్ముతాయి. పొట్లం మీద మొక్క పేరు, ఏ భాగం, ఊరు, తేదీ, తీసినవారు, బీజాల కొలత, ఏ ద్రవంలో కొలిచారు, ఇవన్నీ రాయండి. ఫోటో ఎంత బాగున్నా, తరవాత పేరు మారినప్పుడు మళ్ళీ కోసి చూడటానికి కాడే కావాలి. పైన చెప్పిన 2009 మార్పు కూడా దాచిపెట్టిన నమూనాలు, పెంపకాలు ఉండబట్టే సాధ్యమైంది.

పీజీ_తిరుపతి
మన దేశంలో ఇలాంటివి ఎక్కడ దాస్తారు?

గాజుపలక
పుణెలో అఘార్కర్ పరిశోధన సంస్థ ఉంది. అక్కడ ఎండు నమూనాలకి అజ్రేకర్ హెర్బేరియం, బతికున్న పెంపకాలకి జాతీయ శిలీంధ్ర సేకరణ కేంద్రం నడుస్తున్నాయి. ఢిల్లీలో భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో పెద్ద శిలీంధ్ర హెర్బేరియం ఉంది. మీ గైడ్ ద్వారా రాస్తే సులువు.

పల్నాటి_మిరప
మాస్టారు చెప్పిన తడిడబ్బా పెట్టాం. గీత దగ్గర ముక్కల్లో దాదాపు అన్నిటి మీదా మళ్ళీ అవే ముళ్ళు, అవే కొడవలి బీజాలు వచ్చాయి. పైకొసన పాత ఎండు ముక్కల మీద మాత్రం ఆల్టర్నేరియా ఎక్కువ కనపడింది, మీరన్నట్టే.

చివరి ప్రశ్న. వచ్చే ఏడాదికి ఈ తోటలోనే మంచి చెట్ల నుంచి విత్తనం తీద్దామనుకున్నాను. విత్తనంలో ఇది ఉందో లేదో కూడా మైక్రోస్కోప్‌తో తెలుస్తుందా?

గోదారి_బోటనీ
తెలుస్తుంది బాబూ. ఇది విత్తనం ద్వారా కూడా వస్తుంది, అడగడం మంచిదైంది. మందు కలపని విత్తనం తీసుకో. పెట్రి పళ్ళెంలో మూడు పొరల బ్లాటింగ్ కాగితం తడిపి పరిచి, ఒక్కో పళ్ళెంలో 25 గింజలు దూరదూరంగా పేర్చు. ల్యాబుల్లో 400 గింజలు పెట్టి, 20 డిగ్రీల దగ్గర, 12 గంటలు అతినీలలోహిత కాంతి, 12 గంటలు చీకటి ఇస్తారు. ఇంట్లో అన్ని గింజలకి ఓపిక లేకపోతే 100 పెట్టు, చల్లటి గదిలో పగటి వెలుగు తగిలేచోట ఉంచు. కాగితం ఆరనివ్వొద్దు. ఏడో రోజు ఒక్కో గింజనీ భూతద్దంతో తిప్పి చూడు. గింజ మీద ముళ్ళున్న నల్లచుక్క కనపడితే సూదితో తీసి నీటిబొట్టులో పెట్టు. కొడవలి బీజాలు కనపడితే ఆ గింజ లెక్కలో రాసుకో.

ఆ పరీక్షలో ఎన్ని వచ్చినా, ఈ తోట విత్తనం వాడకపోవడమే నా సలహా. తెగులు లేని తోట నుంచి, మచ్చ లేని కాయల నుంచి తీసుకుని, కిలో విత్తనానికి 3 గ్రాముల మాంకోజెబ్ గానీ కాప్టాన్ గానీ పట్టించి నారు పోయి. కొన్న విత్తనానికి కంపెనీవాళ్ళు ముందే మందు పట్టించి ఉంటే మళ్ళీ అక్కర్లేదు, సంచి మీద చూసుకో.

పల్నాటి_మిరప
పక్క ఊళ్ళో మా మేనమామ తోటలో ఎండుకొమ్మలు కనపడలేదు. అక్కడి పండుకాయల గింజలు 100, మా తోటవి 100 పక్కపక్కన పెడుతున్నాం. చెల్లెలు మళ్ళీ కాలేజీకి వెళ్ళేలోపు ఏడో రోజు వస్తుంది. ఫోటోలు ఇక్కడే పెడతాను.